అంధ బోధకుని ఇంట గిటారు పాఠము

శతజయంతి సంచికకు చరిత్ర సంబంధమైన వ్యాసము ఒకటి వ్రాసి ఇమ్మని సంపాదకవర్గము వారు కోరినప్పుడు మేము కొంత వెనుకాడాము. మన డయోసిస్ చరిత్రను మాకంటె పెద్దలు, మాకంటె బాగుగా ఎరిగినవారు ఈ సంచికలోనే వ్రాస్తున్నారు. దొరలు ఎడ్లబండ్ల మీద వచ్చిన రోజులు, మొదటి బాప్తిస్మములు, కరవు కాలములో కట్టిన గుడులు – ఇవన్నీ వారి కలముల నుండి వచ్చుటయే న్యాయము. మా చేతిలో ఉన్నది వేరొక చిన్న చరిత్ర. అది మన దేశములో జరిగినది కాదు. అమెరికాలో, న్యూయార్కు నగరములో, కన్నులు లేని ఒక బాప్తిస్టు బోధకుడు తన ఇంట ఒక్కొక్క శిష్యుని ఎదుట కూర్చుండబెట్టుకొని గిటారు నేర్పిన చరిత్ర. దీనికిని మన శతజయంతికిని ఏమి సంబంధమని కొందరు అడుగవచ్చును. చదివిన తరువాత అడిగితే జవాబు చెప్పుటకు మేము సిద్ధమే.

ముందుగా ఈ సంగతి మా చెవిని ఎట్లు పడినదో చెప్పాలి. మేము హైదరాబాదులో వేదాంత విద్య చదువుకుంటున్న రోజులలో ప్రతి శనివారము మధ్యాహ్నము సిటీ బస్సు ఎక్కి లాలాగూడ వెళ్లేవారము. అక్కడ రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరైన ఒక పెద్దమనిషి ఉండేవారు. ఆయన ఇంటిలోనే గిటారు నేర్పేవారు. నెలకు రెండు వందల రూపాయలు. గడియారము చూసేవారు కారు. ఆయన తన చిన్నతనములో రైల్వే క్వార్టర్లలోని ఒక ఆంగ్లో-ఇండియన్ ఇంజను డ్రైవరు దగ్గర నేర్చుకున్నారు. మేము పాస్టరు కాబోతున్నామని ఆయనకు పెద్ద వేడుక. "ఏం అయ్యగారూ, బొటనవేలు నిద్రపోతున్నదా?" అని మోకాలి మీద తట్టేవారు. మా వేళ్ల కొనలు ఉబ్బి, రాత్రిపూట కంచములో అన్నము కలుపుకొనుటకు కూడ మంట పుట్టేది.

ఒక శనివారము ఆయన తనంతట తాను ఒక పాత కీర్తన వాయించారు. బొటనవేలు, చూపుడు వేలు – ఆ రెండే కదులుతున్నవి. లావు తీగల మీద తాళము, సన్న తీగల మీద రాగము, మధ్యలో ఎవరో ఇంకొకరు జవాబు చెప్తున్నట్టుగా మరొక వరుస. మాకు నోట మాట రాలేదు. "ఇది ఎవరి పద్ధతి సార్?" అని అడిగితే, "అమెరికాలో ఒక గుడ్డి పాస్టరు ఉండేవాడట అయ్యగారూ. మా గురువు దగ్గర ఆయన రికార్డు ఉండేది. అరిగిపోయేదాక విన్నాము" అన్నారు. పేరు ఆయనకు జ్ఞాపకము లేదు. ఆ పేరు మాకు దొరుకుటకు కొన్ని సంవత్సరములు పట్టినది. రెవరెండు గ్యారీ డేవిస్.

ఇక చరిత్రలోనికి వద్దాము. గిటారును ఇంటికి వచ్చే గురువు వద్దనో, గురువు ఇంటికి వెళ్లియో నేర్చుకొనుట డేవిస్ గారితో మొదలైనది కాదు. సంగీత కళాశాలలు పియానోకు, వయొలినుకు పెద్దపీట వేసి చాలకాలము వరకు గిటారును గుమ్మము బయటనే ఉంచినవి. అందువలన ఈ వాద్యము ప్రైవేటు పాఠముల మీదనే బ్రతికినది. అమెరికాలో 19వ శతాబ్దములో ఈ పనిచేసినవారిలో జస్టిన్ హాలండ్ అను నల్లజాతి పండితుని తప్పక చెప్పుకోవాలి. ఈయన 1819లో వర్జీనియాలో, బానిసత్వము ఇంకను అమలులో ఉన్న కాలములో, స్వతంత్రులైన తల్లిదండ్రులకు జన్మించారు. ఓబర్లిన్ కళాశాలలో చదివి, 1845లో క్లీవ్‌లాండ్ నగరము చేరి, అక్కడ ఇండ్లలో గిటారు నేర్పి జీవించారు. ఐరోపా గురువుల గ్రంథములను చదువుటకు పరభాషలు నేర్చుకున్నారు. 1874లో ఆయన అచ్చు వేయించిన గిటారు బోధినిని ఆ దేశములో చాలమంది వాడారు. 1887లో మరణించారు. ఆయనది అక్షరము, పుస్తకము, క్రమము గల మార్గము. మనము చెప్పుకోబోయే డేవిస్ గారిది పూర్తిగా వేరు. ఆయన పుస్తకము చూడలేరు. చూడగల శిష్యునికి కూడ పుస్తకము ఇవ్వలేదు.

గ్యారీ డేవిస్ గారు 1896 ఏప్రిల్ 30న దక్షిణ కరోలినా రాష్ట్రములోని లారెన్స్ ప్రాంతములో జన్మించారు. తల్లి కన్న ఎనిమిది మంది బిడ్డలలో పెరిగి పెద్దవారైనది ఇద్దరే. చంటిబిడ్డగా ఉన్నప్పుడే ఈయన చూపు పోయినది. తల్లి ప్రేమ తనకు దక్కలేదని ఆయనే తరువాత చెప్పుకున్నారు. నాయనమ్మ పెంచినది. తనకు పది సంవత్సరములప్పుడు తండ్రి అలబామా రాష్ట్రములోని బర్మింగ్‌హామ్‌లో చంపబడ్డాడని, షెరీఫు కాల్చినాడని తనకు చెప్పారని ఆయన అనేవారు. నల్లవాడు, గ్రుడ్డివాడు, తండ్రి లేనివాడు, పత్తి చేల మధ్య పేద ఇల్లు. ఆ కాలపు దక్షిణ అమెరికాలో ఇంతకంటె దిగువ మెట్టు ఇంకొకటి ఉన్నదని మేము అనుకోము.

చిన్ననాడే ఆయన చేతికి గిటారు వచ్చినది. ఆ రోజులలో పెద్ద కంపెనీలు పోస్టు ద్వారా కొద్ది డాలర్లకే గిటారులు పంపేవారు గనుక పల్లెలకు కూడ ఈ వాద్యము చేరినది. పాటలు ఆయన గుడిలో నేర్చినవి కొన్ని, వీధిలో విన్నవి కొన్ని. ర్యాగ్‌టైమ్ అనే పియానో బాణీ అప్పుడు దేశమంతట మ్రోగుతూ ఉండేది. ఎడమచేయి కవాతు చేసినట్టు నడుస్తుంది, కుడిచేయి చిందులు వేస్తుంది. ఆ రెండు చేతుల పనిని ఆయన కుడిచేతి రెండు వేళ్లలోనికి తెచ్చారు. బొటనవేలు, చూపుడు వేలు. అంతే. ఐరోపా పద్ధతిలో కుడిచేతి నాలుగు వేళ్లు పనిచేస్తాయి. ఈయనకు రెండే చాలినవి. పైగా ఒకసారి జారిపడి ఎడమ మణికట్టు విరిగితే అది వంకరగా అతుకుకున్నది. ఆ వంకర చేయి ఇతరుల చేతికి అందని కొన్ని కార్డ్స్ పట్టుకొనుటకు ఆయనకు ఉపకరించినదని చెప్తారు. మా లాలాగూడ గురువుగారు ఎందుకు రెండు వేళ్లే వాడారో మాకు ఇది చదివిన రోజున తెలిసినది.

1920ల దశకములో డేవిస్ గారు ఉత్తర కరోలినాలోని డర్‌హమ్ పట్టణము చేరారు. అది పొగాకు పట్టణము. మన గుంటూరువారికి వర్ణించి చెప్పనక్కరలేదు. సిగరెట్టు ఫ్యాక్టరీలు, పొగాకు వేలము జరిగే గోదాములు, జీతాలు చేతికందిన సాయంకాలములు. ఆ గోదాముల ఎదుట వీధి గాయకులు నిలబడి పాడితే కూలీలు నాణెములు వేసేవారు. ఈ వీధులలోనే మన కథలోని మొదటి శిష్యుడు కనబడతాడు. ఫుల్టన్ అలెన్ అను యువకుడు, ఇతడును గ్రుడ్డివాడే. బ్లైండ్ బాయ్ ఫుల్లర్ అను పేరుతో తరువాత ప్రసిద్ధికెక్కాడు. డేవిస్ గారు అతనికి గిటారు నేర్పారు. ఇద్దరు అంధులు ఎదురెదురుగా కూర్చుండి ఒకరి వేళ్లు ఒకరికి కనబడకుండగా నేర్పుట, నేర్చుకొనుట ఎట్లు జరిగి ఉండునో మేము చాలసార్లు ఆలోచించాము. చెవియే కన్ను కావాలి.

1933లో డేవిస్ గారు ఉత్తర కరోలినాలోనే బాప్తిస్టు బోధకునిగా అభిషేకము పొందారు. రెండు సంవత్సరముల తరువాత, 1935లో, డర్‌హమ్‌లోని జె. బి. లాంగ్ అను దుకాణపు మేనేజరు డేవిస్ గారిని, ఫుల్లరును, మరొక గాయకుని వెంటబెట్టుకొని రికార్డింగు కొరకు న్యూయార్కు తీసుకువెళ్లాడు. అక్కడ డేవిస్ గారి పాటలు 15 రికార్డు చేశారు. మొదట రెండు బ్లూస్ పాటలు పాడారు. బ్లూస్ అంటే ప్రేమ, కలహము, త్రాగుడు, బాధ – వీటిని గూర్చిన లోకసంబంధమైన పాటలు. ఆ రెండింటి తరువాత ఇక దేవుని పాటలు తప్ప పాడనన్నారు. కంపెనీకి కావలసినవి అమ్ముడుపోయే బ్లూస్ పాటలు. డబ్బు విషయములోను ఆయనకు సంతృప్తి కలుగలేదు. తరువాత దాదాపు పది సంవత్సరములు ఆయన గొంతు రికార్డుల మీద వినబడలేదు. శిష్యుడైన ఫుల్లరు మాత్రము 1941లో చనిపోవుటకు ముందు నూటికి పైగా పాటలు రికార్డు చేశాడు. గురువు వీధిలో, శిష్యుడు దుకాణములలో. ఇందులో ఎవరిది తప్పు అని తీర్పు చెప్పుట మా పని కాదు గాని, ఫుల్లరు వ్రేళ్లలో విన్నది డేవిస్ గారి పాఠమే అని ఆ పట్టణములో తెలిసినవారికి తెలుసు.

1940ల దశకములో డేవిస్ గారు భార్య ఆనీ గారితో న్యూయార్కు చేరారు. హార్లెమ్ వీధులలో పాడుతూ, అక్కడక్కడ చిన్న గుడులలో వాక్యము చెప్తూ గడిపారు. అవి మనము ఊహించే గంట గోపురము గల గుడులు కావు. దుకాణము ఖాళీ అయితే అద్దెకు తీసుకొని బల్లలు వేసిన గదులు. వీధిలో పాడుతుండగా ఆయన గిటారును దొంగలు ఎత్తుకుపోయిన సందర్భములు కూడ ఉన్నవి. చూపులేనివాని చేతిలో నుండి వాద్యము లాగుకొని పోయినవాడు ఏమి బాగుపడి ఉంటాడు?

గిటారు గుడిలోనికి రావచ్చునా అను ప్రశ్న అక్కడ కూడ ఉండేది. మేము మొదటి పాస్టరేటులో బలిపీఠము ప్రక్కన గిటారు పెట్టిన ఆదివారము ఒక పెద్దాయన లేచి, "ఇది సినిమా వాయిద్యము గదండి" అన్నారు. మేము నొచ్చుకున్నాము. తరువాత చదివితే తెలిసినది: అమెరికాలో నల్లవారి బాప్తిస్టు సంఘములలో పెద్దలు చాలమంది గిటారును త్రాగుడు కొట్ల వాద్యముగానే చూసేవారు. పరిశుద్ధ సంఘములని పిలువబడే మరికొన్ని సంఘములు మాత్రము గిటారును, తంబురలను, చప్పట్లను ఆనందముగా చేర్చుకున్నవి. మా పెద్దాయన ఒంటరివాడు కాడు, ఆయనకు సముద్రము అవతల సహోదరులున్నారు. హార్మోనియము మన గుడులలోనికి వచ్చినప్పుడు ఎవరు ఏమన్నారో ఎవరైనా వృద్ధులు వ్రాసిపెట్టి ఉంటే బాగుండును.

ఇప్పుడు పాఠముల సంగతి. 1950ల చివర, 1960ల ఆరంభములో న్యూయార్కులో చదువుకునే యువకులకు పాత జానపద గీతముల మీద పెద్ద మోజు కలిగినది. బ్రాంక్స్ పేటలో ఒక గ్రుడ్డి బోధకుడున్నాడని, ఆ రెండు వేళ్లతో చేసే పని ఇంకెవరికీ రాదని వారిలో మాట ప్రాకినది. డేవిస్ గారు ఇంటి వద్దనే పాఠము చెప్పేవారు. పాఠము వెల అయిదు డాలర్లు. పాఠమునకు గంట అని లెక్క లేదు. ప్రొద్దున వచ్చిన పిల్లవాడు ప్రొద్దుగ్రుంకేదాక ఉన్నా అవే అయిదు డాలర్లు. దైవసేవకుడు పాఠమునకు రుసుము పుచ్చుకోవచ్చునా అని మనలో అడిగేవారుంటారు. పుచ్చుకోవాలనే మా అభిప్రాయము. వీధిలో టోపీ చాచినవాడు ఇంటిలో వెల చెప్పగలిగాడంటే అది ఆయన గౌరవమునకు సంబంధించిన విషయము. ఉచితముగా నేర్పితే పిల్లలు ఎన్ని శనివారములు వస్తారో మాకు అనుభవమున్నది.

ఆ వచ్చినవారిలో బ్రూక్లిన్‌కు చెందిన స్టెఫన్ గ్రాస్‌మన్ అను కుర్రవాడు ఒకడు. 1945లో జన్మించాడు. పదిహేనేళ్లప్పుడు మొదటిసారి ఆ గుమ్మము తొక్కాడు. గురువు నల్లజాతి బాప్తిస్టు బోధకుడు, శిష్యుడు యూదుల ఇంటి పిల్లవాడు. అప్పటి అమెరికాలో ఈ ఇద్దరు ఒక బల్ల దగ్గర కూర్చుండుటకు గిటారు తప్ప వేరే కారణము సులభముగా దొరకదు. గురువు ఒక చరణము వాయిస్తాడు. శిష్యుడు తిరిగి వాయించాలి. తప్పితే గురువు మళ్లీ వాయిస్తాడు. ఇక్కడ ఒక విశేషము గమనించండి. గురువుకు శిష్యుని వేళ్లు కనబడవు. అయినను ఏ తీగ మీద ఏ వేలు తప్పినదో శబ్దము వినియే చెప్పాలి. చూపున్న గురువు "ఇదుగో ఈ మెట్టు మీద పెట్టు" అని వేలు పట్టి పెట్టి, చెవికి పని లేకుండ చేస్తాడు. డేవిస్ గారి దగ్గర అటువంటి దగ్గరిదారి లేదు. శిష్యుడు వినుట నేర్చుకోవాలి, లేదా ఇంటికి పోవాలి.

గ్రాస్‌మన్ కొన్ని సంవత్సరములు ఆ ఇంటికి వెళ్లాడు. టేపు రికార్డరు మోసుకొని వెళ్లేవాడు. గురువు వాయించినది, పాడినది, మధ్యలో మాట్లాడినది కూడ టేపులోనికి ఎక్కించేవాడు. ఇంటికి వెళ్లి ఆ టేపు విని, తీగల గుర్తులతో కాగితము మీద వ్రాసేవాడు. ఈ వ్రాత పద్ధతిని ట్యాబ్లచర్ అంటారు. ఆరు తీగలకు ఆరు గీతలు. ఏ తీగను ఏ మెట్టు మీద నొక్కాలో ఆ గీత మీద అంకె. స్వరలిపి రానివాడు కూడ దీనిని చదువగలడు. ఐరోపాలో 16వ శతాబ్దములోనే ల్యూట్ అను తంత్రీవాద్యమునకు ఇటువంటి పద్ధతి ఉండేది. పుస్తకము చూడలేని గురువు సంగీతము, ఈ విధముగా పుస్తకములోనికి ఎక్కినది. గ్రాస్‌మన్ తరువాత ఆ పాటలను సంపుటములుగా ప్రచురించాడు. 1962 నుండి 1967 వరకు ఇంటిలోను, గుడిలోను తీసిన టేపులు కూడ చాలకాలము తరువాత వెలుగు చూసినవి.

డేవిడ్ బ్రోమ్‌బర్గ్ అను మరొకడు కొలంబియా విశ్వవిద్యాలయ విద్యార్థి. చేతిలో డబ్బు లేనప్పుడు గురువుగారిని చేయి పట్టుకొని గుడులకు నడిపించి, దానికి బదులు పాఠము చెప్పించుకునేవాడు. ఈ ఒప్పందము మాకు మిక్కిలి నచ్చినది. గుడిలో కూర్చుండి ఆయన ప్రసంగమును, సంఘము పలికే జవాబులను, పాటలను విన్నవాడికి ఇంటిలో చెప్పిన పాఠము ఇంకొక విధముగా అర్థమై ఉండాలి. రాయ్ బుక్ బైండర్ అనువాడు గురువుగారి వెంట కచేరీలకు ఊరూరు తిరిగాడు. హార్లెమ్‌లో నివసించిన ల్యారీ జాన్సన్ అను నల్లజాతి యువకుడు కూడ శిష్యుడే. గ్రీనిచ్ విలేజ్‌లో పేరుపడిన డేవ్ వ్యాన్ రాంక్ ఈయన వద్ద నేర్చుకొని తాను కూడ ఇతరులకు పాఠములు చెప్పాడు. ఇయాన్ బుకానన్ అనువాడు ఇక్కడ నేర్చినది ఓహాయో రాష్ట్రములోని ఒక కళాశాలలో యోర్మా కౌకోనెన్ అను తోటి విద్యార్థికి నేర్పితే, అతడు ఆ పాటలను రాక్ సంగీత సభలలో వేలమందికి వినిపించాడు. మన గురుపరంపర అన్న మాట ఇక్కడ సరిగా సరిపోతుంది.

ఇక ఒక చిక్కు ప్రశ్న. దేవుని పాటలు తప్ప పాడనని 1935లో పట్టుబట్టిన ఈ బోధకుడు, శిష్యులు అడిగితే పాత వీధి పాటలు నేర్పాడా? నేర్పారు. కాకరేగిన యౌవనములో తాను వాయించిన ర్యాగ్ బాణీలు, బ్లూస్ బాణీలు, నాట్యపు బాణీలు అన్నీ నేర్పారు. ఆనీ గారికి బ్లూస్ పాటలు గిట్టేవి కావు. డేవిస్ గారు కూడ చాలకాలము బహిరంగముగా వాటిని పాడుటకు ఒప్పుకోలేదు. కొన్నిటికి గిటారు వాయించి మాటలు పాడకుండ కేవలము పలికి ఊరుకునేవారు. దీనిని కొందరు వేషధారణ అంటారు. మేము అట్లు అనలేము. వేళ్లకు పాపము అంటదు, నోటికి అంటుతుంది అని ఆయన లెక్క వేసుకున్నారో ఏమో. గురువుగా తనకు తెలిసినది దాచుకొనుట ఒక తప్పు. బోధకుడుగా ఆ మాటలు పాడుట ఇంకొక తప్పు. ఈ రెండింటి మధ్య ఒక సన్నని గట్టు మీద ఆయన నడిచారు. గట్టు మీద నుండి ఎప్పుడూ జారలేదని మేము సాక్ష్యమివ్వలేము. పెళ్లి ఊరేగింపులో సినిమా పాట వాయించి, ఆదివారము ఆరాధనలో కీర్తన వాయించే మన యువకులను చూసినప్పుడెల్లా మాకు ఆ గట్టు జ్ఞాపకము వస్తుంది.

1960లో ఆయన పాటలతో వెలువడిన ఒక పెద్ద రికార్డు మంచి పేరు తెచ్చినది. 1962లో పీటర్, పాల్ అండ్ మేరీ అను ప్రసిద్ధ గాయక బృందము తమ మొదటి ఆల్బములో ఆయన పాడే సమ్సోను పాటను పాడారు. ఆ హక్కుల సొమ్ముతో ఆయన న్యూయార్కు క్వీన్స్ ప్రాంతములోని జమైకాలో ఇల్లు కొన్నారు. ఆ బృందము కట్టించిన ఇల్లు అని ఆయనే చమత్కరించేవారు. ఈ విషయములో దాచకూడని మాట ఒకటున్నది. ఆ పాట పూర్తిగా ఆయన సొంతము కాదు. బ్లైండ్ విల్లీ జాన్సన్ అను మరొక అంధ గాయకుడు దానిని అంతకుముందే, 1927లోనే రికార్డు చేశాడు. అయినను గ్రంథకర్త హక్కు డేవిస్ గారి పేర నమోదైనది. పేదరికములో మరణించిన జాన్సన్ ఇంటికి ఆ సొమ్ము చేరలేదు. వీధిలో చేతులు మారిన పాటలకు యజమాని ఎవరో తేల్చుట న్యాయస్థానములకే కష్టము. కాని డేవిస్ గారిని మెచ్చుకొనుటకు ఈ సంగతిని కప్పిపుచ్చవలసిన అగత్యము మాకు కనబడలేదు.

క్వీన్స్ ఇంటిలో కూడ పాఠములు ఆగలేదు. 1965లో న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవములో ఆయన కచేరి వేలమంది విన్నారు. ఇంగ్లండు దేశము వెళ్లి పాడి వచ్చారు. ఎంత పేరు వచ్చినా శిష్యుడు తలుపు తట్టితే మోకాలి మీద ఆ పెద్ద గిబ్సన్ గిటారు పెట్టుకొని కూర్చునేవారు. ఆ వాద్యమును మిస్ గిబ్సన్ అని మనిషిని పిలిచినట్టు పిలిచేవారు. 1972 మే 5న ఒక కచేరికి వెళ్తూ న్యూజెర్సీ రాష్ట్రములో గుండె ఆగి మరణించారు. అప్పటికి 76 సంవత్సరములు. లాంగ్ ఐలండ్‌లోని లిన్‌బ్రూక్ వద్ద రాక్‌విల్ సమాధుల తోటలో ఆయనను ఉంచారు. 2015లో ఇయాన్ జాక్ అను రచయిత ఆయన జీవితమును పెద్ద గ్రంథముగా వ్రాశారు.

ఈ కథలో మమ్మును పట్టి ఉంచినది ఆ టేపు రికార్డరు. ఆ యువకులు అయిదు డాలర్లు ఇచ్చి పాఠము నేర్చుకొని ఇంటికి పోయి ఉంటే, డేవిస్ గారు వాయించిన దానిలో రికార్డు కంపెనీలకు నచ్చినంత మట్టుకే మిగిలేది. ఒక పిల్లవాడు ఓపికగా మోసుకొనిపోయిన ఆ యంత్రము వలన, అతడు రాత్రి కూర్చుండి వేసిన అంకెల వలన, మిగిలినది మిగిలినది. మన సంఘములలో దేశీయ రాగములలో కీర్తనలు పాడే వృద్ధులు, కంజరి మీద వేళ్లు ఆడించే పెద్దమ్మలు, హార్మోనియము మెట్లు చూడకుండ వాయించే ఉపదేశకులు ఎంతమంది వెళ్లిపోయారో ఈ నూరేళ్ల లెక్కలలో లేదు. బాప్తిస్మముల రిజిస్టరు ఉన్నది, వివాహముల రిజిస్టరు ఉన్నది, కానుకల పద్దు అణాపైసలతో సహా ఉన్నది. ఒక్కొక్క ఊరిలో ఒక్కొక్క కీర్తనకు ఏ వరుస పాడేవారో వ్రాసిన చిట్టా మాత్రము మేము పనిచేసిన ఏ పాస్టరేటు బీరువాలోను కనబడలేదు.

ఇతరులను అనుటకు మాకు అర్హత లేదు. లాలాగూడ గురువుగారి దగ్గరకు మేము ఎనిమిది నెలలే వెళ్లాము. జి, సి, డి అను మూడు కార్డ్స్ చేతికి రాగానే, యౌవనస్థుల కూడికలలో పాటలన్నిటికి ఇవి చాలునని మానుకున్నాము. "రెండు వేళ్ల పని ఇంకా మొదలుపెట్టనేలేదు గదా అయ్యగారూ" అని ఆయన అన్నారు. పరీక్షలు అయిపోయిన తరువాత వస్తామని చెప్పాము. పరీక్షలు అయినవి, అభిషేకము అయినది, దూరపు పాస్టరేటుకు నియామకము వచ్చినది, పిల్లలు పుట్టారు. అప్పటికి మా జేబులో సెల్‌ఫోను కూడ ఉన్నది. మాట, పాట అన్నిటిని పట్టుకొనగల యంత్రము. ఒక శనివారము పోయి ఆయన ఎదుట పెట్టి ఉంటే చాలును. 2011లో ఆయన మరణవార్త విని వెళ్లాము. సమాధి కార్యక్రమములో మేమే ప్రార్థన చేశాము. గిటారు మంచము క్రింద గుడ్డసంచిలో ఉన్నది. తీగలు రెండు తెగి ఉన్నవి. వారి కుమారుడు, "నాన్నగారు మీ గురించి అడుగుతూ ఉండేవారండి" అన్నాడు. మేము ఏమియు అనలేకపోయాము.

ఇప్పుడు శనివారము సాయంకాలములు మా పార్సనేజి వరండాలో ముగ్గురు పిల్లలు గిటారు పట్టుకొని కూర్చుంటున్నారు. నెలకు వంద రూపాయలు తీసుకుంటున్నాము. వారు వెళ్లిన తరువాత మేము ఒంటరిగా ఆ పాత కీర్తనను రెండు వేళ్లతో వెదుకుతూ ఉంటాము. పల్లవి దొరికినది. మొదటి చరణము కొంతవరకు దొరికినది. మధ్యలో జవాబు చెప్తున్నట్టు వినబడిన ఆ మూడవ వరుస మాత్రము ఇంకా దొరకలేదు.